మైలుతుత్తం మూట

కేసముద్రం మార్కెట్ యార్డు గేటు ఎదురుగా ఎరువుల దుకాణం ఒకటి ఉంది. మొన్న నాట్ల ముందు అక్కడ బస్సు కోసం నిలబడితే, దుకాణం ముందు విప్పి పెట్టిన గోనెసంచిలో నీలం రంగు పలుకులు ఎండకు మెరుస్తూ కనిపించాయి. మైలుతుత్తం. ఒక రైతు పిడికెడు తీసి చూసి, మళ్లీ సంచిలోనే పోసి, వేళ్లకంటిన నీలాన్ని పంచెకు తుడుచుకున్నాడు. మా తరిగొప్పుల వైపు పుట్టినవాళ్లెవరికైనా ఆ రంగు తెలుసు. వరిమడిలో పాచి పట్టి నీళ్ల మీద దట్టంగా తేలితే, మైలుతుత్తాన్ని గుడ్డలో మూటకట్టి, నీళ్లు మడిలోకి పారే చోట వేలాడదీస్తారు. అది మెల్లగా కరుగుతుంది, పాచి చస్తుంది, వరి బతుకుతుంది. చిన్నప్పటి నుంచీ చూసిన పనే. అయినా ఆ రోజు ఆ సంచి దగ్గర నిలబడలేక పక్కకు జరిగాను. బస్సెక్కి కూర్చున్నాక కూడా కిటికీలోంచి ఆ సంచినే చూశాను. శారదక్క పోయి ఏడాది దాటింది. ఆమె గురించి రాద్దామని ఎన్నోసార్లు కూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచక లేచిపోయాను. ఆ రంగు దగ్గరే మొదలుపెట్టాలని బస్సులోనే అనిపించింది.

శారదక్క మానుకోటలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేది. కేసముద్రం దగ్గరి తండాలో పుట్టి, ఆ తండాలో అందరికంటే ముందు పెద్ద చదువు చదివిన మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే "తీరలేదు" అనేది, అంతే. నాకు మానుకోట దవాఖానలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె ఇంటి పక్క వాటాలో కిరాయికి దిగాను. మా అమ్మ ఫోన్‌లో "తండావాళ్ల ఇంట్లనా బిడ్డా, ఇంకేడ దొరకలేదా?" అంది. నాకు ఒళ్లు మండింది. "ఇల్లు కురుస్తదా లేదా సూసుకోవాలె గని, ఎవలదైతే ఏందే?" అని ఫోన్ పెట్టేశాను. ఆ మాట గోడ అవతలికి వినబడిందట. సాయంత్రం చాయ్ గ్లాసు నా చేతికిస్తూ శారదక్క "ఇల్లు కురుస్తది. ముందే చెప్తున్న. వంటింట్ల, కిటికీ మీద" అంది. నాకు సిగ్గూ నవ్వూ రెండూ వచ్చాయి. వానలు పడగానే ఇల్లు ఆమె చెప్పిన చోటే కురిసింది.

ఆ ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది లోపలి గది. అక్కడ గోడ పొడుగునా ఒక గాజుతొట్టి. ఆ చలికాలంలో ఆమె హైదరాబాద్ నుంచి మూత ఉన్న బకెట్‌లో ఒక జీవిని తెచ్చి అందులో వదిలింది. జానెడు కూడా లేదు. పాలిపోయిన గులాబీ రంగు ఒళ్లు, తలకు రెండు పక్కలా ఎర్రటి కుచ్చుల్లాంటి మొప్పలు, రెప్పలు లేని కళ్లు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే మూతి. ముందు కాలు ఒకటి లేదు.

"ఏందక్కా గిది? బల్లా, చాపా?" అన్నాను.

"రెండూ గాదు. ఆక్సోలాటిల్ అంటరు. కప్పలకు చుట్టం. తోటిది దీని కాలు కొరికేసింది. దుకాణమోడు పారేస్తుంటే నేను తెచ్చిన. మళ్ల మొలుస్తది, సూడు."

"కాలు మొలుస్తదా? మంచిగ చెప్తున్నవ్ తియ్!"

"నేను అబద్ధం చెప్పనే పిల్లా" అంది, తొట్టి మీద నుంచి కళ్లు తిప్పకుండానే.

ఆ తొట్టికి ఆమె చేసిన చాకిరీ అంతా ఇంతా కాదు. అడుగున ఇసుక గానీ గులకరాళ్లు గానీ వేయలేదు, ఆ జీవి మింగేస్తుందని. నాటిన మొక్కలను అది తిరుగుతూ పీకేస్తుందని, జావా మాస్‌నూ జావా ఫెర్న్‌నూ పెద్ద రాళ్లకు నల్లదారంతో కట్టి దింపింది. అవి తక్కువ వెలుతురులో, చల్లటి నీళ్లలో బతికే రకాలు. లైటు రోజూ కాసేపే వేసేది. ఎండలు ముదిరితే, నీళ్లు నింపి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన బాటిళ్లను మార్చి మార్చి తొట్టిలో తేల్చేది. ఇంత చేసినా అద్దాలకు పాచి పట్టేది. తోటి లెక్చరర్లు వచ్చినప్పుడల్లా పాచి తినే చేపను వేయమని ఒకరు, నత్తలను వేయమని ఒకరు, బజారులో మందు దొరుకుతుందని ఒకరు సలహా చెప్పేవాళ్లు. చేప దీని మెత్తటి ఒంటిని పట్టుకుని పీలుస్తుంది, నత్తను ఇది మింగి ఇరికించుకుంటుంది, మందు దీని మొప్పలనే కాలుస్తుంది. అందుకని ఆదివారం పొద్దున్నే కొంగు బొడ్లో దోపుకుని, పళ్లు తోముకునే పాత బ్రష్షుతో అద్దం రుద్దుతూ, మాస్‌లో చిక్కుకున్న పచ్చటి దారాలను వేలికి చుట్టి లాగుతూ కూర్చునేది. "పాచి ఎవలో వచ్చి ఏసింది గాదు రజితా. మనం వెలుతురు ఎక్కువిచ్చినం, తిండి ఎక్కువేసినం. గవి తక్కువ చెయ్యాలె, ఉన్నదాన్ని చేత్తో తియ్యాలె. ఇంకో దారి లేదు" అనేది. నాకు అంత ఓపిక ఎక్కడిది? "మస్తు తీరికుంది నీకు" అని వెక్కిరించేదాన్ని.

ఆమె బాపు పేరు హర్యా. తండాలో ఒంటరిగా సేద్యం చేసుకునేవాడు. పత్తి తీసేసిన చేన్లో వట్టి కాళ్లతో నడుస్తుంటే కట్టె గుచ్చుకుంది. షుగర్ మనిషి. పుండు మానలేదు, పాదం నల్లబడింది, వరంగల్ తీసుకుపోతే మోకాలి కింది దాకా కాలు తీసేయాలన్నారు. మా వైపు ఒక అలవాటుంది. పెద్దవాళ్లకు జబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్పరు. చెప్తే భయంతోనే పోతారని భయం. పద్ధతిగా, ప్రేమతో, ఇంటిల్లిపాదీ ఒక్కమాట మీద నిలబడి అబద్ధం చెప్తారు. నేను దవాఖానలో రోజూ చూసేదే. శారదక్క తమ్ముడు శంకర్ భూపాలపల్లిలో పనిచేసేవాడు. అతను వచ్చి "కాలని చెప్తే బాపు ఒప్పుకోడు అక్కా. వేలంటే ఒప్పుకుంటడు. నువ్వు చెప్పు, నీ మాటైతే నమ్ముతడు" అన్నాడు. ఆమె ఒకరోజంతా కొట్లాడి, చివరికి లొంగిపోయింది. బాపు చెయ్యి పట్టుకుని ఒక్క వేలే తీస్తారని చెప్పింది. ఆయన ఆమెను చూసి తలూపి ఆపరేషన్ గదిలోకి పోయాడు. మెలకువ వచ్చాక దుప్పటి ఎత్తి చూసుకున్నాడు. అప్పటి నుంచీ కూతురితో మాట్లాడలేదు.

కోపంతో అరిచి ఉంటే ఆమె తట్టుకునేది. ఆయన అరవలేదు. మానుకోటలో ఆమె ఇంటికే వచ్చాడు, లోపలి గదిలో మంచమేసుకున్నాడు, ఆమె పెట్టిన కంచం ముట్టకుండా గోడకు తిరిగి పడుకున్నాడు. అదే కంచం నేను తీసుకుపోయి ఇస్తే తినేవాడు. నేను కట్టు మారుస్తుంటే నాతో మాట్లాడేవాడు, పాలు పోసే మనిషితో మాట్లాడేవాడు, ఆమె గదిలోకి రాగానే నోరు మూసుకునేవాడు. వాళ్ల లంబాడీ భాషలో నాకు తెలిసిన మాటలు కొన్నే. అందులో 'బేటీ' ఒకటి, బిడ్డా అని. అంతకుముందు తండా నుంచి వచ్చినప్పుడల్లా గేటు దగ్గర నుంచే ఆ మాట వినబడేది. "ఇంకేం వద్దు రజితా, ఒక్కసారి బేటీ అంటే సాలు నాకు" అని ఆమె వంటింట్లో నిలబడి నాతో అన్నది. అట్లా అంటున్నప్పుడు ఆమె ముఖం చూడలేకపోయాను.

తొట్టి ఆయన మంచానికి ఎదురుగానే ఉండేది. మొదట్లో దాన్నీ చూసేవాడు కాదు. ఒకరోజు కట్టు విప్పుతుంటే "సిస్టరమ్మా, గా నవ్వులోడి కాలు సూసినవా?" అన్నాడు. ఎవరా నవ్వులోడని చూస్తే, ఆ జీవే. ముందు కాలు తెగిన చోట చిన్న మొగ్గ వచ్చింది. ఆ తర్వాత రోజూ అదే ముచ్చట. మొగ్గ సాగింది, మోచెయ్యి వంగింది, చివర గింజలంత వేళ్లు విడివడ్డాయి. "నాది మొలవదా మరి?" అని అడిగి తనే నవ్వేవాడు. మంచం మీద లేచి కూర్చోవడం మొదలుపెట్టాడు. శారదక్క తలుపు దగ్గరే నిలబడి వినేది. ఒకసారి ఉండబట్టలేక "నాలుగో వేలు గూడ వస్తది బాపూ" అంది. ఆయన తొట్టి వైపు తలతిప్పి ఆ వేలు కోసం వెతికాడు. ఆ రోజు ఆమె పండగలా పాయసం వండింది.

కాలు పెరగడం కనబడాలని ఆయన పొద్దంతా లైటు వేయించుకునేవాడు. వద్దంటే ఊరుకునేవాడు కాదు. పాలు పోసే మనిషితో వానపాములు తెప్పించి, దానికి ఆకలి లేకపోయినా వేసేవాడు. ఎండలు ముదిరాయి. పాచి అద్దాలు దాటి మొక్కల మీదికి పాకింది. శారదక్క వారానికి ఒకసారి కాదు, రోజూ రుద్దినా తరగలేదు. లైటు తీయమని ఆయనకు చెప్పే ధైర్యం ఆమెకు లేదు. ఇప్పుడిప్పుడే లేచి కూర్చుంటున్నాడు, దాన్నీ పాడు చేయనా అనేది. అంతలో ఇంటర్ పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ పడి వరంగల్ పోవాల్సి వచ్చింది. పోతూ పోతూ తొట్టిలో ఏమీ వేయొద్దని నాకూ, బాపుకు వినబడేట్టూ చెప్పింది.

పాచి అంటే ఆయనకు జీవితమంతా ఒక్కటే అర్థం. పంటను మింగేది. తండా నుంచి చూడటానికి వచ్చిన చుట్టంతో మైలుతుత్తం తెప్పించాడు. తన తలపాగా చివర చింపి, అందులో మూటకట్టాడు. అప్పటిదాకా ముట్టని వాకర్ పట్టుకుని, ఎవరి సాయం లేకుండా మొదటిసారి లేచి నిలబడి, ఒక్క కాలితో తొట్టి దాకా నడిచి, నీళ్లు తిప్పే మోటారు పక్కన ఆ మూటను వేలాడదీశాడు. మడి గట్టున ఎట్లా చేసేవాడో అట్లాగే.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి శారదక్క నాకంటే ముందే వచ్చింది. భుజాన బ్యాగుతోనే లోపలి గదిలో నిలబడి ఉంది. మంచం మీద బాపు ముఖం వెలిగిపోతోంది. "సిస్టరమ్మా, నేనే నడిసిన! నేనే కట్టిన! రేపటికల్ల పాచి సాఫ్" అన్నాడు. తొట్టిలో ఆ జీవి తలకిందులై కొట్టుకుంటోంది. మొప్పల కుచ్చులు ముడుచుకుపోయాయి, ఒంటి మీద జిగురు పొరలు పొరలుగా ఊడుతోంది. శారదక్క చేతులు తొట్టిలో పెట్టి దాన్ని తీసి, నిల్వ ఉంచిన నీళ్ల బకెట్‌లో వేసింది. మళ్లీ మళ్లీ నీళ్లు మార్చింది. లాభం లేదని నాకు తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు. "ఏమైంది? ఏమైందే దానికి?" అని బాపు నన్ను అడుగుతూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే బకెట్ అడుగున కదలకుండా పడి ఉంది. కొత్త కాలు మాత్రం నాలుగు వేళ్లతో చక్కగా ఉంది.

పెరట్లో ఆమెతో అన్నాను: "ఎండకు సచ్చిందని చెప్పక్కా. నిన్న కరెంటు గూడ పోయింది గద. నమ్ముతడు."

"నమ్ముతడు" అంది. "వేలన్నప్పుడు గూడ నమ్మిండు."

"గిప్పుడు నిజం చెప్తే ఏమొస్తది? లేచి నడిసిండు అక్కా! నడిసింది నడిసినట్టే కూలబడ్తడు."

ఆమె చేతులు కడుక్కుని లోపలికి పోయి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. వాళ్ల భాషలో మాట్లాడింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. నాకు అర్థమైన మాట ఒక్కటే, మైలుతుత్తం. ఆ మాట దగ్గర బాపు ఆమె ముఖంలోకి చూశాడు. దవాఖాన నుంచి వచ్చాక ఆయన ఆమెను అట్లా నేరుగా చూడటం అదే మొదటిసారి. ఆమె చెప్పడం ఆపలేదు, మొత్తం చెప్పింది. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఇంత రాతి మనిషివా నువ్వు అని అరవాలనిపించింది. ఆయన నా వైపు తిరిగి తెలుగులో, ఆమెకు వినబడేట్టు అన్నాడు:

"సిస్టరమ్మా, కాలు ముచ్చట గూడ గిట్లనే చెప్తే అయిపోతుండె గద. ఏడ్సెటోన్ని. ఏడ్సి ఒప్పుకునేటోన్ని."

శారదక్క తల మంచం పట్టెకు ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేయలేదు, తల తీసి అవతలికి పొమ్మనీ అనలేదు. ఆ పూట ఆమె తెచ్చిన కంచంలోనే తిన్నాడు. చిరిగిన తలపాగాను మాత్రం ఆ తర్వాత ఎప్పుడూ చుట్టుకోలేదు.

తొట్టినీ రాళ్లనూ ఆమె కడిగి కడిగి ఎండబెట్టింది. మొక్కలన్నీ గోధుమ రంగుకు తిరిగి కుళ్లిపోయాయి. కాలేజీ పిల్లలకు చూపించడానికి వంటింటి కిటికీలో గాజుసీసాలో పెట్టిన జావా మాస్ ముక్క ఒక్కటి మిగిలింది. దాన్నే మళ్లీ రాయికి కట్టి, కొత్త నీళ్లలో వేసింది. ఇంకోటి తేనా అని అడిగితే బాపు వద్దని తలూపాడు. జీవి లేని తొట్టి. ఆదివారాల్లో ఆయన కుర్చీలో కూర్చుని ఒక అద్దం, ఆమె స్టూలు మీద కూర్చుని ఇంకో అద్దం రుద్దేవాళ్లు. లైటు ఎంతసేపుండాలో ఆయనే చూసుకునేవాడు. అవసరమైనంత మాట్లాడేవాడు. బేటీ అని మాత్రం అనలేదు.

వానాకాలంలో ఆయన కాలు తీసిన చోట మళ్లీ నల్లబడింది. నేనే కట్టు విప్పుతూ ముందు చూశాను, ఆమెకు చెప్పాను. వరంగల్‌లో ఈసారి తొడ దాకా తీయాలన్నారు. శంకర్ భూపాలపల్లి నుంచి వచ్చాడు. వరండాలో అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు. "అక్కా, నీ కాళ్లు మొక్కుత. పుండు సాఫ్ చేస్తరని చెప్పు. సంతకం నేను పెడ్త, పాపం నాకు తగలనీ. మనిషి బతుకుతడు."

ఆమె లోపలికి పోయింది. నేను పక్కనే ఉన్నాను. ఈసారి నా కోసమో ఏమో, తెలుగులోనే చెప్పింది: "తొడ దాక తీస్తరట బాపూ. తీస్తే బతకొచ్చు. తియ్యకపోతే బతకవు."

 ఆయన వాళ్ల భాషలో చాలా నెమ్మదిగా ఒక మాట అన్నాడు. ఇంటికి తీసుకుపొమ్మన్నాడని నాకు ఆమె ముఖం చూస్తే తెలిసింది. ఆ మాట చివర 'బేటీ' అన్నాడు.

ఆమె ఎన్ని నెలలుగా ఎదురుచూసిన మాట అది. బతిమాలింది, కొట్లాడింది, కాళ్లు పట్టుకుంది. డాక్టరూ చెప్పి చూశాడు. ఆయన ఒప్పుకోలేదు. "ఇగ సాలు" అన్నాడు. ఇంటికి తెచ్చాం. లోపలి గదిలో, తొట్టికి ఎదురుగా, నొప్పికి నేను సూది వేస్తుంటే పళ్లు బిగపట్టుకుని, మొక్కలను చూస్తూ పోయాడు. పోయేలోపు ఆమెను బేటీ అని ఎన్నిసార్లు పిలిచాడో. ప్రతిసారీ ఆమె పరుగెత్తి వచ్చేది.

తండాలో దినం చేసినప్పుడు శంకర్ అందరి ముందూ లేచాడు. "సంపినవ్ బాపుని! ఒక్క అబద్ధం చెప్పనీకి నీకు నోరు రాలేదు. నీ నిజం నువ్వే పెట్టుకో" అన్నాడు. ఆమె తలెత్తలేదు. నాకు కడుపు మండిపోయి జవాబు చెప్పబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత ఆమెకు భూపాలపల్లికే బదిలీ అయింది. తమ్ముడు ఉండే ఊరే. ఒక్కసారి కూడా గడప తొక్కలేదు అతను. తొట్టిని నాకిచ్చి వెళ్లింది. సామాను సర్దే రోజున ఇద్దరం అద్దాలు రుద్దుతుంటే అడిగాను, నువ్వు చేసింది తప్పనిపిస్తుందా అని. బ్రష్షు ఆపకుండానే చెప్పింది: "శంకర్ అన్నది నిజమే రజితా. అబద్ధం చెప్తే బాపు బతికేటోడు. గది నాకెరుక. అయినా మళ్ల అడిగితే మళ్ల నిజమే చెప్త. నన్నేం చెయ్యమంటవ్?" నేను నా వైపు అద్దం రుద్దుతూనే ఉన్నాను. 

శారదక్క భూపాలపల్లిలోనే కాలేజీకి పోతూ బస్టాండులో గుండె ఆగి కూలిపోయింది. నేను పోయేసరికి శంకరన్న ఆమె ఇంటి ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. అంతా అయ్యాక నన్ను పక్కకు పిలిచాడు. మనిషి సగమైపోయాడు.

"నువ్వు దగ్గరున్నవ్ గద చెల్లే. అక్క నా గురించి ఎప్పుడన్న ఏమన్న అన్నదా?"

ఏం వినాలనుకుంటున్నాడో అతని కళ్లలోనే ఉంది. 'నీ మీద కోపం లేదన్నది అన్నా, నిన్ను తలుచుకునేది అన్నా' అనాలి. అంతే. ఇద్దరిలో ఎవరికీ నష్టం లేదు. నోటిదాకా వచ్చింది. శారదక్క ఇంట్లో అన్నాళ్లు ఉన్నదాన్ని, చెప్పలేకపోయాను.

"అన్నది అన్నా. నువ్వన్నదే నిజమన్నది. అబద్ధం చెప్తే బాపు బతికేటోడన్నది."

అతను గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు. "నాదే తప్పన్నదనుకున్న. గట్లనే అంటే బాగుండు" అని చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు.

తొట్టి ఇప్పుడు నా గదిలో ఉంది. అదే మాస్, మూడు రాళ్ల మీద పెరిగింది. జీవి ఏదీ లేదు. ఆదివారం పాత బ్రష్షు తీసుకుని నేనే రుద్దుతాను, ఓపిక లేకపోయినా. నిన్న మా వార్డులో ఒక ముసలాయన పాదం చూసి డాక్టరు గారు కాలే తీయాలన్నారు. ఆయన కొడుకు నన్ను వరండాలోకి పిలిచి "వేలని చెప్పు సిస్టర్, నీ మాటైతే నమ్ముతడు" అన్నాడు. నేను అబద్ధం చెప్పలేనని, డాక్టరు గారితో కలిసి నిజమే చెప్తామని అతనికి చెప్పాను. అతను నన్ను తిట్టి పోయాడు. రేపు పొద్దున డ్యూటీకి పోగానే ఆ మంచం దగ్గరికి పోవాలి.